నర్సింగమ్మ తిప్పిన మర

ఏమ్రా నరేశా, గడప మీదనే కూలబడ్డవేంది? లోపలికి రా, పంక ఏసుకో. ఏమన్నవ్? ఇయ్యాల నీతోని నర్సింగమ్మను మోపించిండ్రా? హహ్హ... అట్లనా! అందుకేనా భుజం గట్ల కమిలింది. జర అంగి పక్కకు జరుపు, సూడనీ. ఏం కాదులే, రెండొద్దులైతె చర్మం మొద్దుబారుతది. ఇనుపముద్దకు ఆడామె పేరేంది తాతా అని అడుగుతున్నవా? మంచిగడిగినవ్. నువ్వు కట్టంగూరు పోరనివి, రైలు పట్టాల నౌకరి కోసం గీ ఊరికొచ్చి మా ఇంట్ల కిరాయికుంటున్నవ్, నీకెట్ల తెలుస్తది. ఆ గ్యాంగుల ఇప్పుడున్నోళ్లకు గూడ సగం మందికి తెల్వదు. పేరు పట్టుకొని పిలుస్తరు గని ఆమెవరో ఎవ్వలూ అడగరు. నువ్వడిగినవ్. కూసో మరి. చాయ్ పొయ్యి మీదున్నది, పొంగితె నువ్వే దించు, నాకు లేవబుద్ధి కాదు.

ఆఫీసుల దాన్ని జిమ్‌క్రో అని రాసుకుంటరు. ఏ దేశపు పేరో ఏమో. మా గ్యాంగుల ముందుగాల దాన్ని వంపులమర అనేటోళ్లం. నువ్వు చూసినవు గద, బండి కాడి లెక్క వంగి ఉంటది, రెండు కొసలకు రెండు కొక్కాలు, నడిమిట్ల నా మణికట్టంత లావు మర బోల్టు. కొక్కాలు పట్టాను ఇటుదిక్కు నుంచి పట్టుకుంటయి, మర అటుదిక్కు నుంచి పొడుస్తది. బోల్టు బొక్కల రాడ్డు పెట్టి తిప్పుతుంటె ఎంతటి పట్టా అయినా వంగుతది, వంగినదైతె సక్కగయితది. మొక్కై వంగనిది మానై వంగుతదా అంటరు గని, ఆ అన్నోడు గీ మరను చూడలే. దీనికి మాను ఒక లెక్కనా, ఇనుపపట్టానే వంచుతది. ఇప్పుడంటే అన్నిటికి మిషిన్లొచ్చినయ్, దాని అక్కర ఎప్పుడో ఒకనాడు పడ్తది. అప్పుడట్ల గాదు. వంపులమర తిప్పేటోడంటే గ్యాంగుల పెద్దమనిషన్నట్టు. మా తమ్ముడు సాయిలు తిప్పేటోడు. వాని రెక్కలు చూడాలె నువ్వు. నేనేమో కీమన్‌ను, రోజూ లైను పొడుగునా సుత్తె పట్టుకొని బిళ్లలు బిగిచ్చుకుంట నడుచుడే నా పని. వాడేమో పట్టాతోని కుస్తీ పట్టేటోడు. ఇంటికొచ్చి పెండ్లాంకు అన్నీ చెప్పేటోడు, ఇయ్యాల పట్టా గిట్ల మూల్గింది, గిట్ల మొరాయించింది అని. ఆ పెండ్లామే నర్సింగమ్మ. నాకు మరదలు.

సాయిలు ఎట్ల పోయిండంటవా... ఎండకాలం, డ్యూటీ మీదున్నోడు చెట్టు కింద కూసున్నడు, ఇగ లేవలే. గుండె ఆగిందన్నరు దవాఖానల. వాని జాగల ఆమెకు నౌకరిచ్చిండ్రు. అది సర్కారు రివాజే, కొత్తేం గాదు. ఆడోళ్లకు మామూలుగ ఏమిచ్చేటోళ్లంటే, ఆఫీసుల చాయలందిచ్చుడు, ఫైళ్లు మోసుడు. నర్సింగమ్మను గూడ అదే అడిగిండ్రు. ఆమె ఏమన్నది తెలుసునా? "నా మొగడు లైను మీద చేసిండు, నేను లైను మీదనే చేస్త" అన్నది. అంతవరకు ఆమె నా ముంగట నోరు తెర్వలే రా. బావ వస్తుండంటె కొంగు నెత్తి మీదికి లాగి తలుపెనక నిలవడేది. మా ఇండ్లల్ల అట్లనే. అసువంటి మనిషి, నౌకరిల చేరిన తొలి పొద్దుట, కొంగు బిగిచ్చి నడుముకు దోపుకొని, నా పక్కన నిలవడి, "బావా, గడ్డపార నాకియ్యి, నువ్వు తట్ట పట్టు" అన్నది. నేను నవ్విన్నో ఏడిసిన్నో నాకే యాదిలే. గడ్డపార మాత్రం ఇచ్చిన.

అయితె మా మేస్త్రి శ్రీశైలం ఉన్నడే, వానికి ఇది మింగుడు పడలే. పని తెల్వనోడని కాదు, మస్తు పనోడు. దుర్మార్గుడు గూడ గాదు, వానికొక బుద్ధి అంతె. "ఆడామె గ్యాంగుల ఉంటె ఒక మనిషి తక్కువున్నట్టే" అనేటోడు. ఆమెను కంకర ఎత్తనిచ్చేటోడు, గడ్డి పీకిచ్చేటోడు. ఎక్కువ మటుకు చేతికి జెండా ఇచ్చి దూరంగ నిలవెట్టేటోడు. వంపులమరను మాత్రం తాకనిచ్చేటోడు గాదు. "అది మొగసామాను, దసరకు యాట రక్తం చూసే సామాను, ఆడచెయ్యి పడొద్దు" అనేటోడు. ఇగ ఏండ్లు గడిచినా అదే మాట. జెండా పట్టీ పట్టీ ఆమెకు యాష్టకొచ్చేది. ఇంట్ల మా ముసల్దానితోని అనేదట, "అక్కా, నేను గ్యాంగుల మనిషినా, జెండా కట్టెనా" అని. రాష్ట్రమొచ్చిన ఏడు, దసర ముంగట, శ్రీశైలం మా ఇంజనీరు సారుకు చెప్పనే చెప్పిండు. "పండుగైనంక నర్సింగమ్మను ఆఫీసుకు పంపుండ్రి, ఆమె జాగల నాకు మొగమనిషినియ్యుండ్రి" అని. సారు కొత్తగొచ్చినోడు, పడుసుపిల్లగాడు, మంచోడే. మేస్త్రి చెప్పిండు గద, సరే అన్నడు. ఆ సంగతి తెల్సినంక నర్సింగమ్మ మొకం చూడలేకపోయిన. నాతోని ఒక్కటే మాటన్నది. "బావా, చాయ్ గిలాసలు కడుగుడు తప్పని గాదు. గని నేను పోతె గ్యాంగుల సాయిలు జాగ ఖతమైతది." గదీ ఆమె బాధ. ఇంకోటేం లేదు.

చాయ్ పొంగుతున్నట్టుంది, సూడు. ఆ, దించినవా. నాకు సగమే పొయ్యి.

ఇగ ఆ దసర సంగతి చెప్త, ఇను. రాష్ట్రమొచ్చిన తొలి దసర రా అది. ఊరూరా ఒకటే సంబురం. మాకు ప్రతి ఏడు గ్యాంగుగదిల సామాన్లన్నీ వరుసగ పేర్చి పూజ చేసుడు రివాజు. గడ్డపారలు, సమ్మెటలు, పారలు, నడిమిట్ల వంపులమర. పసుపు పూసి కుంకుమ బొట్టు పెట్టి, కొబ్బరికాయ కొట్టి, యాట కోస్తె అయిపాయె. గా యేడు శ్రీశైలం ఏమన్నడు? "మన రాష్ట్రమొచ్చింది, ఈసారి ఉత్త పసుపుతోని కాదు, ఘనంగ చెయ్యాలె" అన్నడు. అని, సున్నం కలిపించిండు. మర బోల్టుకు కొస నుంచి కొస దాంక, పెండ్లికూతురు కాళ్లకు పెట్టినట్టు, తెల్ల గీత ఎర్ర గీత, తెల్ల గీత ఎర్ర గీత పెట్టిండు. మంచిగ అతుక్కోవాల్నని ఆ సున్నంల బెల్లంపాకం పోసిండు. పైన కొబ్బరినీళ్లు పోసిండు. నిజం చెప్తె, చూడనీకి మస్తుగుండె! మేమంత చప్పట్లు కొట్టినం. నర్సింగమ్మ బయట దూరంగ నిలవడ్డది, లోపలికి రానియ్యలే. ప్రసాదం మాత్రం చేతికిచ్చిండు శ్రీశైలం. ఆ మాట చెప్పాలె, ప్రసాదంల తేడా చెయ్యలే.

నవ్వుతున్నవా? నీకు అర్థమైనట్టుంది. సున్నం, బెల్లం! మన పెద్దలు కోట గోడలు కట్టింది దేంతోననుకున్నవ్? గద్వాల కోటకు పోయి చూడు, గోడకు మేకు దిగుతదా? మా మేస్త్రి మర బోల్టుకు కోట కట్టిండు. ఏ ఇంగ్లీషోడూ చెయ్యని తప్పు, ఏ మిషినోడూ చెయ్యని తప్పు. భక్తి ఉన్నోడే చేస్తడు అసువంటి తప్పు. పూజ చేసిన సామానని ఎవ్వలం తీయలే, అట్లనే గదిల ఎండుకుంట ఉన్నది.

పండుగైన నాలుగైదొద్దులకు, పొద్దుగాలనే, రోడ్డు మీది రైలు గేటు కాడికెళ్లి ఖబరొచ్చింది. గ్రానైటు రాయి ఎత్తుకొని పోతున్న లారీ గేటు దాటుతుంటె గొలుసు తెగిందట. మా ఇల్లంత బండ జారి లైను మీద పడ్డది. దేవుని దయ, ఎవ్వలకేం కాలే. మేం పొయ్యేసరికి జేసీబీ తోని బండను పక్కకు దొర్లిచ్చిండ్రు. పట్టా మాత్రం కడుపు లోపలికి పోయి విల్లులెక్క వంగింది. పట్టా కింద పలిగిన స్లీపరు దిమ్మెలు తీసి వేరేవి పెట్టినం. అటు స్టేషన్ల ప్యాసింజరు బండి ఆపిండ్రు. పిల్లలు, ముసలోళ్లు, పండుగకొచ్చి మళ్ల కూలికి పొయ్యేటోళ్లు, డబ్బల కాలు పెట్ట సందు లేదట. సారు ట్రాలీ మీద వచ్చిండు. "కొత్త పట్టా రావాల్నంటె పొద్దుగూకుతది. దీన్నే సక్కగ చేద్దాం, మెల్లగ బండిని దాటిద్దాం, రేపు మారుద్దాం" అన్నడు. శ్రీశైలం జబర్దస్తుగ తల ఊపిండు. "మా వంపులమర ఉన్నది సారూ, గడియల పని" అన్నడు. నర్సింగమ్మకు జెండా ఇచ్చి మలుపు కాడికి పొమ్మన్నడు.

మర తెచ్చినం. కొక్కాలు పెట్టినం. బోల్టు తిప్పబోతె ఎక్కడిదక్కడనే! రాడ్డు పెట్టి నలుగురం పట్టినా కదులలే. సమ్మెటతోని కొట్టిండ్రు, సున్నం పెచ్చు గూడ రాలలే. నూనె పోసిండ్రు, పైకెళ్లి పైకే జారింది. శ్రీశైలం మొకం చూడు నువ్వు, చెమటలు గారుతున్నయ్. సారు గడియారం చూస్తుండు. అప్పుడు శ్రీశైలం నోట్లెకెళ్లి ఒచ్చింది మాట. "నేను అప్పుడే అన్న. ఆడామె నీడ పడ్డది పూజ మీద. అమ్మోరు అలిగింది." ఆడరానమ్మ మద్దెల ఓడన్నట్టు! నా ఒళ్లు మండింది. నేను నోరు తెర్సేలోపల్నే చూస్తె, మా లొల్లికి మలుపు కాడికెళ్లి వచ్చిన నర్సింగమ్మ ఎనకనే ఉన్నది, అంత ఇన్నది. ఆమె జెండాను గేట్‌మన్ చేతుల పెట్టి, సక్కగ గేటు క్వార్టరుకు పోయింది. గేట్‌మన్ పెండ్లాం మల్లీశ్వరిని పిలిచి, "వదినా, ఇంట్ల చింతపండుంటె నానవెట్టు, దొడ్డు ఉప్పు, కొబ్బరి పీచు తే" అన్నది. అందరు ఇదేంది పులుసు వండుతదా అని చూస్తుండ్రు. శ్రీశైలం "జెండా ఇడిచి ఎట్లొచ్చినవ్" అని గర్జించిండు. ఆమె మర ముంగట కాళ్లు సాపుకొని కూసున్నది. ఇత్తడి బిందె తోమినట్టు తోముడు షురూ చేసింది.

సున్నానికి చింతపండే మొగుడు రా! ఏ ఇల్లాలినడిగినా చెప్తది. చిందుకుంట, నురుగులు పెట్టుకుంట, గీత ఎనక గీత కరిగిపోయింది. మల్లీశ్వరి గిలాసతోని నీళ్లు పోస్తుంటె ఆమె పీచుతోని మర సందు సందుకు గీకుతుంది. గోర్లల్లకెళ్లి నెత్తురొచ్చింది, చూసిన నేను. లారీ డ్రైవరు ఊకుంటడా, పాపం వానికి ఎట్లనో ఉన్నది, పోయి డీజిలు తెచ్చిండు. అది పోసి, రాడ్డు పెట్టి ఒక్క గుంజు గుంజింది. కిర్రుమన్నది మర. ఆ సప్పుడు ఇయ్యాలటికీ నా చెవులల్ల ఉన్నది. తిరిగింది రా!

ఇగ మొగోళ్లంత ముందుకొచ్చిండ్రు. "జరుగు, జరుగు, మేం తిప్పుతం." ఆమె రాడ్డు ఇడువలే. లేచి నిలవడి శ్రీశైలం కండ్లల్ల కండ్లు పెట్టి చూసింది. "మేస్త్రీ, అమ్మోరు అలిగితె నా చేతికి ఎట్ల తిరిగిందే? నువ్వు పండుకొని పట్టా చూడు, నువ్వు చెప్పు, నేను తిప్పుత" అన్నది. సారు అప్పుడన్నడు, "ఎవరైతేంది మేస్త్రీ, టైం పోతుంది, కానియ్యుండ్రి." శ్రీశైలం పళ్లు పటపట కొరుకుకుంట కంకర మీద బోర్ల పండుకున్నడు. పట్టాకు చెంప ఆనిచ్చి ఒక కన్ను మూసి చూస్తరు గద, గట్ల. నీకు ఎరుకే. వంగిన పట్టాను సక్కగయ్యేదాంక తిప్పి ఇడిస్తె అది మళ్ల ఎనక్కొస్తది. ఇనుముకు పుట్టుబుద్ధి అది. అందుకని జర ఎక్కువ తోలాలె, అటుదిక్కు వంగినట్టు కనవడాలె, అప్పుడిడిస్తె ఎనక్కొచ్చి సక్కగ నిలవడ్తది. ఎక్కువైతె అటు కొత్త వంకర, తక్కువైతె పాత వంకర. గ్యాంగుల అందరికీ ఎరుకే ఈ మాట. ఎరుకుండుడు వేరు, చేతుల పట్టుకునుడు వేరు.

ఆమె ఇసుర్రాయిల గింజలిసిరినట్టు తిప్పింది. మొగోళ్లలెక్క గుంజుడు కాదు, ఎగిరి పడుడు కాదు. నడుము నుంచి మెల్లగ, ఒక్కటే నడక. "ఇంక" అన్నడు శ్రీశైలం. తిప్పింది. "ఇంక." తిప్పింది. పట్టా మూల్గవట్టింది. చుట్టు మనుషులు ఎనక్కి జరిగిండ్రు. "సక్కగైంది, ఆగు" అన్నడు. ఆమె ఆగలే. "జర" అన్నది ఆమెనే. "ఆగుమన్న గద, పలుగుతది!" అని ఒర్రిండు పండుకున్నోడు పండుకున్నట్టే. ఆమెకు ఇనవడ్డదో లేదో. చెయ్యి మాత్రం పోయింది, వెంట్రుకంత, ఇంకో వెంట్రుకంత. ఆ ఘడియల నా పాణం చేతులల్ల లేదు రా నరేశా. ఆ పట్టా పలిగితె బండి పోదు, మరునాడే ఆమెను ఆఫీసుకు తోలుతరు, సాయిలు పేరు మీద ఇంత బురద. నాకు అంత కనవడుతుంది. ఆమె మాత్రం కండ్లు మూసుకున్నది. పట్టా సప్పుడు ఇంటున్నట్టుండె. మొగడు చెప్పిన మూల్గుడు గుర్తుకొచ్చిందో ఏమో, నేనడగలే ఎన్నడు, ఆమె చెప్పలే. నిలిపింది. అట్లనే పట్టి నిలిపింది, ఊపిరి పీల్చేంతసేపు. ఆపైన మెల్లగ ఇప్పింది.

శ్రీశైలం లేవలే. ఒక కన్ను మూసుకొని చూస్తనే ఉన్నడు. సారు "ఏమైంది మేస్త్రీ" అన్నడు. మళ్ల ఇటుదిక్కు పోయి పండుకొని చూసిండు. మోకాళ్ల మీద లేచి, మీసాల మీద కంకర దుమ్ము తుడుచుకొని, "సక్కగున్నది సారూ" అన్నడు. గంతే. ఆ మాట అనుడు వానికెంత కష్టమో మాకు తెలుసు. అన్నడు మాత్రం, నిజం దాచలే. నేను గట్టిగ నవ్విన. నవ్వి, కండ్లు తుడుచుకున్న. మా ఇంటి కోడలు రా ఆమె! ఎవలనుకున్నవ్? ప్యాసింజరు మెల్లగ, మెల్లగ, గండు చీమ నడిచినట్టు వచ్చింది. పట్టా ఉసూరుమనలే, గట్టిగ నిలవడ్డది. డబ్బలకెళ్లి మనుషులు తొంగి చూస్తుంటె, రాడ్డు భుజాన వేసుకొని చీరె నిండ సున్నంతోని నిలవడ్డదొక మనిషి. వాళ్లకేం తెలుసు ఎందుకు నిలవడ్డదో. మాకు తెలుసు.

శ్రీశైలం క్షమాపణ చెప్పిండా అంటవా? వాడా! మరునాడు పొద్దుగాల సామాన్లు పంచేటప్పుడు, జెండాను ఇంకోని మీదికి ఇసిరి, మర రాడ్డును నర్సింగమ్మ కాళ్ల కాడ పెట్టిండు. ఆఫీసు మాట మళ్ల ఎత్తలే. నెలకో రెండు నెలలకో పోరగాళ్లు "వంపులమర తేండ్రి" అనుడు బందువెట్టి "నర్సింగమ్మను తేండ్రి" అనుడు షురూ చేసిండ్రు. ముందుగాల చేష్టలకే అన్నరు. ఆమె గూడ నవ్వేది, "నేనిక్కడున్న, దాన్ని తేండ్రి" అని. తర్వాత చేష్ట పోయింది, పేరు మిగిలింది. దసర పూజల ఆమెనే బొట్టు పెట్టేది మరకు. ఉత్త పసుపు, ఒక్క కుంకుమబొట్టు. సున్నం డబ్బ ఎవడన్న తెస్తె అందరం కలిసి తన్నేటోళ్లం.

ఆమె రిటైరయ్యి యాడాది తిరుగలే, కామెర్లొచ్చి పోయింది. పోయి మస్తు ఏండ్లాయె ఇప్పుడు. మా ఇంటి ముంగట పాడె కట్టినం. మన రివాజు తెలుసు గద, పాడె మోసేటోళ్లు పాలోళ్లు, ఇంటిపేరోళ్లే మోయాలె. మేం పాలోళ్లం నలుగురం తువ్వాళ్లు చుట్టుకొని నిలవడ్డం. అప్పుడు రోడ్డు మీదికెళ్లి వచ్చిండ్రు గ్యాంగు. పనిమీదికెళ్లి నేరుగ వచ్చిండ్రు, ఒంటి నిండ దుమ్ము, కాళ్లకు బూట్లు. ముంగట శ్రీశైలం, వాడు గూడ అప్పటికి రిటైరు. పాడె కాడికొచ్చి, "పాలోళ్లు జర జరుగుండ్రి" అన్నడు. "ఇది గ్యాంగు మనిషి. గ్యాంగే మోస్తది." వాడంతట వాడు అన్నడు రా, శ్రీశైలం! మా పెద్దనాయిన కొడుకు తగాదకొచ్చిండు, ఎక్కడన్న ఉన్నదా ఇదని. శ్రీశైలం వాని దిక్కు చూడలే, నా దిక్కు చూసిండు. "లచ్చన్నా, నువ్వు పాలోనివా, గ్యాంగోనివా?" అన్నడు.

"గ్యాంగోన్నే" అన్న. తువ్వాల నడుముకు బిగిచ్చి, భుజం పెట్టిన. పట్టాను ఎత్తేటప్పుడు మేస్త్రి కేకేస్తడు సూడు, గదే కేక ఏసిండు శ్రీశైలం, నడి వాడల, ఆడోళ్లు ఏడుస్తుంటె. "పట్టు బిడ్డా పట్టు!" మేం "హైసా!" అన్నం. "లేపు బిడ్డా లేపు!" "హైసా!" లేపినం.

...

ఏం లేదు. పొయ్యి పొగ కండ్లల్ల పడ్డది. పో, స్నానం చేసి రా.